అక్క టైపు చేయని పేజీ

ఆగస్టు 3

అమ్మకీ, అక్కకీ,

క్షేమంగా చేరాను. రైలు నాలుగు గంటలు ఆలస్యం. అక్క కట్టిచ్చిన పొట్లం రెండో స్టేషనుకే ఖాళీ చేసేశాను కాబట్టి మిగతా దారంతా ఆకలితో వచ్చాను. తప్పు నాదే.

గదిలో రెండు మంచాలు, రెండు బల్లలు, ఒకటే కిటికీ. కిటికీ పక్క మంచం నా రూమ్మేటుది. నేను వెళ్ళిన పూటే తన పక్క తీసేసి నన్నక్కడికి మార్చింది. వద్దంటే వినలేదు. ఇక్కడ అందరూ ఇలాగే మంచిగా ఉన్నారు. ప్రతి విద్యార్థికీ మంచీ చెడ్డా చూడటానికి ఒక మేడమో సారో ఉంటారు. మా మేడం నన్ను చూడగానే రెండు చేతులూ పట్టుకుని తన పక్కన కూర్చోబెట్టుకున్నారు.

అక్కా, ల్యాబు సంగతి నీకు చెప్పాలి. మన కాలేజీలో ఒక్క త్రాసు కోసం నలభై మందిమి వరసలో నిలబడేవాళ్ళం కదా, నా వంతు వచ్చేసరికి గంట కొట్టేసేవాళ్ళు. ఇక్కడ మనిషికో త్రాసు. గాజు పెట్టెలో ఉంటుంది, ఊపిరి తగిలినా అంకె మారిపోతుంది. మొదటి రోజు పనేమీ లేకపోయినా నా పెన్సిలు ముక్కని పదిసార్లు తూచాను.

ఒక చెడ్డ కబురు. పాత కాలేజీలో రాసిన పేపర్లలో రెండింటిని వీళ్ళు లెక్కలోకి తీసుకోలేదు. నువ్వు ముప్ఫై రెండు పేజీల సిలబస్ కూర్చుని టైపు చేసింది వృథా అయింది. ఆ రెండూ మళ్ళీ రాస్తాను. వెయ్యి మందికి పైగా సీటు అడిగితే రెండో సంవత్సరంలోకి ఏడుగురినే తీసుకున్నారట. మిగతా ఆరుగురిని చూస్తే పుట్టినప్పుడే చేతిలో గాజు గొట్టం పట్టుకుని పుట్టినట్టున్నారు.

ఇంకొకటి. ఉత్తరం కవరు మీద పంపినవారి పేరు దగ్గర అక్క పేరు వద్దు, అమ్మ పేరు రాయండి. అలా అయితే తొందరగా అందుతుందట.

మీ చిన్నది


ఆగస్టు 12

ఏమే గడుగ్గాయీ,

ఇది చేత్తో రాస్తున్నాను. టైపు మిషను ముందు కూర్చుంటే వేళ్ళు వాటంతటవే "అయ్యా, తమరితో విన్నవించుకొనునది ఏమనగా" అని కొట్టేస్తున్నాయి. పద్దెనిమిదేళ్ళుగా ఇదే పని మరి. ఇవాళ పొద్దుట్నుంచి రెండు ఇంటి పన్ను అర్జీలు, ఒక పుట్టిన తేదీ సవరణ. ఆ పుట్టిన తేదీ ఆయన తనకంటే తమ్ముణ్ణి నాలుగేళ్ళు పెద్దవాణ్ణి చేసుకుని వచ్చాడు. సరిచేసి పంపేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

నీ ఉత్తరం అమ్మకి మూడుసార్లు చదివాను. పెన్సిలు ముక్క దగ్గర ప్రతిసారీ నవ్వుతుంది. చూపు మరీ మసకబారింది, గుమ్మంలో నేనో పక్కింటావిడో పోల్చుకోలేకపోతోంది. చెవులు మాత్రం పాము చెవులు.

సిలబస్ గురించి బాధపడకు. రెండు పేపర్లకి నువ్వు భయపడే మనిషివా.

కవరు సంగతి నాకు అర్థం కాలేదు. నేను చూసినన్ని కవర్లు మీ పోస్టుమాను కూడా చూసి ఉండడు. పంపినవారి పేరు చూసి ఉత్తరం తొందరగా ఇస్తారని ఎక్కడా వినలేదు. సరే, నీ ఇష్టం, అమ్మ పేరే రాశాను.

సెప్టెంబరులో మిషను బాగుచేయడానికి ఇస్తాను. రెండు రోజులు షాపు మూసే ఉంటుంది. అప్పుడొచ్చి నీ త్రాసునీ, కిటికీనీ చూసి పోతాను.

నీ దరఖాస్తులో ప్రతి కాగితానికీ నా దగ్గర కార్బన్ కాపీ ఉంది. సీటు కోసం నువ్వు రాసిన ఆ వ్యాసం ఒక్కటే లేదు. రెండో మనిషి చదవని కాగితం బయటికి పంపకూడదని నీకు ఎన్నిసార్లు చెప్పాను? "ఇది నా సొంతంగా రాయాలక్కా, నువ్వు చూడకూడదు" అని నాకు కనపడకుండా పోయి కొట్టించుకున్నావు. సీటు వచ్చింది కాబట్టి సరిపోయింది. ఒక కాపీ పంపు, ఫైలులో పెడతాను.

అక్క


ఆగస్టు 24

అక్కా,

ఇప్పుడు రాకు. బయటివాళ్ళని హాస్టలు లోపలికి రానివ్వరు. నాకు ల్యాబు పని కూడా ఎక్కువగా ఉంది. వ్యాసం కాపీ నా దగ్గర లేదు, వాళ్ళు తిరిగి ఇవ్వరు.

నీకో వింత చెప్పనా. మా విభాగం ఆఫీసులో ఒక టైపు మిషను ఉంది. సాయంత్రం ల్యాబు నుంచి వస్తుంటే దాని చప్పుడు వినిపిస్తుంది. వరస చివరి మాటని నువ్వు కాస్త గట్టిగా కొడతావు కదా, అచ్చం అలాగే కొడుతున్నారు. మొన్న ఉండబట్టలేక లోపలికి తొంగి చూశాను. గదిలో ఎవరూ లేరు. మిషను మీద గుడ్డ కప్పి ఉంది. పక్క గదిలో ఎవరైనా కొడుతున్నారేమో. కనుక్కోలేదు.

మేడం నన్ను చూసినప్పుడల్లా "తట్టుకోగలుగుతున్నావా" అని అడుగుతారు. నేను తలూపుతాను.

నీకు ఒంట్లో బాగానే ఉందా? జ్వరం గిరం వస్తే దాచకుండా రాయి.

ఇకనుంచి అమ్మకి చదివే ఉత్తరం ఇంటికి రాస్తాను. నీకు విడిగా షాపుకి రాస్తాను.

చిన్నది


సెప్టెంబర్ 5

చిన్నదానికి,

బయటివాళ్ళని రానివ్వరా? మీ యూనివర్సిటీలోనే కొడుకుని చదివిస్తున్న ఒకాయన మొన్న అద్దె ఒప్పందం కొట్టించుకోవడానికి వచ్చాడు. ఆదివారం ఆదివారం తల్లిదండ్రులూ అన్నాచెల్లెళ్ళూ జాతరలా వస్తారట, కూర్చోవడానికి బెంచీలు కూడా వేశారట. నేను తలొంచుకుని ఒప్పందం కొడుతూ పోయాను.

నాకు అర్థమైందిలే. వేళ్ళకి రిబ్బను నలుపు, నడిస్తే కాలు ఈడుస్తాను, గట్టిగా మాట్లాడతాను. గాజు పెట్టెలో త్రాసులున్న చోటికి నాలాంటిది వస్తే నీకు తలవంపులు. కవరు మీద నా పేరు కూడా బరువైపోయింది. ఆ మాట మొహాన చెప్పి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. సాకులు చెప్పడం నీకు ఎవరు నేర్పారు?

రానులే. మిషను బాగుచేయించాను. ఆ రెండు రోజులూ ఇంట్లో కూర్చుని అమ్మకి తలంటి పోశాను. చెల్లెలి దగ్గరికి వెళ్తానన్నావుగా అని అడిగింది. టిక్కెట్టు దొరకలేదన్నాను.

నాకు జ్వరమేమీ లేదు. దుక్కలా ఉన్నాను. ఎందుకడిగావో నీకే తెలియాలి.

అక్క


సెప్టెంబర్ 14

అక్కా,

ఒట్టు, తలవంపులు కాదు. నీ గురించి నేను ఎప్పుడూ అలా అనుకోలేదు. నువ్వు కోప్పడితే నాకు అన్నం సహించదని నీకు తెలుసు.

ఎలా చెప్పాలో తెలియడం లేదు. మూడుసార్లు రాసి చింపేశాను. నిన్న లైబ్రరీ వరండాలో నా వెనకాల ఎవరో కాలు ఈడ్చుకుంటూ నడుస్తున్న చప్పుడైంది. తిరిగి చూడాలంటే భయమేసింది. ఎందుకు భయపడ్డానో నీకు చెబితే నన్ను చీదరించుకుంటావు. కొన్నాళ్ళు ఆగు. నేనే చెబుతాను.

చిన్నది


సెప్టెంబర్ 26

నువ్వు చెప్పనక్కర్లేదు. తెలిసింది.

ఆదివారం మధ్యాహ్నం అమ్మ పేర కవరు వచ్చింది. మందపాటి కాగితం, మీ యూనివర్సిటీ ముద్ర. చిన్నదాని గురించే అయ్యుంటుంది, చదవమంది అమ్మ. చాప మీద నా పక్కనే కూర్చుంది. "మీ చిన్నమ్మాయి ప్రవేశ వ్యాసాన్ని ఈ ఏటి ఉత్తమ వ్యాసంగా మా విభాగం ఎంచుకుంది" అని చదివాను. అమ్మ ముఖం నువ్వు చూసుండాల్సింది. దాని తరవాతి వాక్యం, "రెండేళ్ళ కిందట జ్వరంతో కన్నుమూసిన మీ పెద్దమ్మాయి" అని. ఆ వెంటనే నా పేరు. ఇంటిపేరుతో సహా, ఒక్క అక్షరం తప్పు లేకుండా.

ఆగిపోయాను. "ఏమైందే" అంది అమ్మ. కళ్ళజోడు తుడుచుకుంటున్నానన్నాను. తరవాత లేని ఉత్తరం అల్లుకుంటూ చదివాను. మీ పెద్దమ్మాయి ప్రోత్సాహం వల్లే ఈ విజయం అని ఉందని చెప్పాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని, చూశావా, నీ పేరు వాళ్ళదాకా వెళ్ళిందే అంది.

అక్టోబరు ఇరవైన విభాగం సభలో నీ చేత ఆ వ్యాసం చదివిస్తారట. లైబ్రరీలో కొత్త బల్ల ఒకటి నా జ్ఞాపకార్థం వేస్తున్నారట. దాని పైన గోడకి పెట్టడానికి ఫోటో కావాలట. అందుకు అమ్మ అనుమతి కావాలట. వ్యాసం నకలు కూడా జతచేశారు. నువ్వు లేదన్న కాపీ ఎట్టకేలకు నా ఫైలులోకి వచ్చింది.

షాపులో చదివాను. పేజీన్నర ఉంది. బాగా రాశావు, అదే నన్ను ఎక్కువ కోసింది. నాన్న పోయిన ఏడు నేను కాలేజీ మానేయడం నిజం. నా కాలు నిజం. నీ లెక్కల ప్రశ్నలన్నీ కార్బన్ పెట్టి కొట్టి, నాలుగు కాపీల మీద నీ చేత నాలుగుసార్లు చేయించడం నిజం. అన్నీ నిజాలు రాసి, చివర నన్ను చంపేశావు.

అమ్మ జవాబు చెబుతాను, టైపు చెయ్యమంది. "మా పెద్దదాన్ని మీరు ఒకసారి చూడాలి. దాని చెయ్యి పడితే మిషను పాట పాడుతుంది." ఇదీ అమ్మ చెప్పింది. నేను కొట్టింది వేరు. "ఫోటో పంపుతున్నాను. వ్యాసం చదవడానికి నాకు అభ్యంతరం లేదు." ఎక్కడ వేలు పెట్టి చూపిస్తే అక్కడ సంతకం చేసింది అమ్మ. చెప్పింది చెప్పినట్టు కొట్టకపోవడం ఈ పద్దెనిమిదేళ్ళలో ఇదే మొదటిసారి.

ఎందుకు చేశానంటావా. నీ దరఖాస్తు చివర ఉన్న హామీ పత్రం నేను కొట్టిందే. వివరాల్లో ఏ ఒక్కటి అబద్ధమని తేలినా ప్రవేశం రద్దు. పాత కాలేజీ నీకు టీసీ ఇచ్చేసి, నీ సీటు ఇంకొకరికి ఇచ్చేసింది. నేను బతికున్నానంటే నీకు అక్కడా చోటు లేదు, ఇక్కడా చోటు లేదు. అందుకే లేనన్నాను.

ఫోటో కొత్తది తీయించాను. స్టూడియో అతను, కాస్త నవ్వండి, ఇంతకీ దేనికండీ ఈ ఫోటో అన్నాడు. గోడకి అన్నాను.

ఇక నాకు ఉత్తరాలు రాయకు. పోయినవాళ్ళకి ఉత్తరాలు రాస్తే జనం పిచ్చిదనుకుంటారు.


అక్టోబర్ 6

అక్కా,

రాయవద్దన్నా రాస్తున్నాను.

మొదట రాసినప్పుడు ఆ వాక్యం లేదు. పాత కాలేజీలో మా లెక్చరరుకి చూపించాను. అక్క కష్టపడి చదివించింది, బాగుంది, ఆ తరవాత ఏముంది అన్నారు. ఇలాంటివి వాళ్ళకి కట్టలు కట్టలు వస్తాయమ్మా అన్నారు. బస్సు కోసం బెంచీ మీద కూర్చుని, ఫైలు మోకాలి మీద పెట్టుకుని ఆ వాక్యం రాశాను. ఒక్క వాక్యమే అక్కా. వ్యాసం ఫైలులో పడి ఉంటుంది, ఎవరికీ గుర్తుండదు అనుకున్నాను. ఇక్కడికి వచ్చేసరికి అందరికీ గుర్తుంది.

చివరి రోజు నువ్వు దగ్గరున్నావా అని మేడం అడిగారు. ఉన్నానన్నాను. ఏమైనా మాట్లాడిందా అన్నారు. నీళ్ళడిగింది అన్నాను. ఒకరు అడిగితే ఒకటి, ఇంకొకరు అడిగితే ఇంకొకటి కలుపుకుంటూ పోయాను. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే ఆ గది కనిపిస్తోంది. మంచం, చెంబు, నీళ్ళు కావాలంటున్న నీ గొంతు. అది జరగలేదని నాకు తెలుసు. నా ఒంటికి తెలియడం లేదు. రూమ్మేటు ఓదారుస్తుంటే నేను నటించలేదు, నిజంగానే ఏడ్చాను.

నీ కవరు వచ్చినప్పుడు దాని మీద నీ చేతిరాత చూసి, విప్పకుండా బల్ల మీద పెట్టేశాను. పోయిన మనిషి నుంచి వచ్చిందనిపించింది, ఒక్క క్షణం. నా మీద నాకే అసహ్యమేసింది.

ఎన్ని తిట్లైనా తిట్టు. ఊరుకోకు.

చిన్నది


అక్టోబర్ 27

అక్కా,

నువ్వు జవాబు రాయలేదు. ఇరవయ్యో తేదీ సభ జరిగింది. నీ ఫోటో గోడకి పెట్టారు. అందులో నువ్వు నవ్వడం లేదు.

చదివాను. ఆ వాక్యం దగ్గర ఆగిపోతాననుకున్నాను, ఆగలేదు. అంత సాఫీగా ఎలా వచ్చిందో నా నోటికే తెలియాలి. అందరూ లేచి ఒక నిమిషం మౌనంగా నిలబడ్డారు. ఆ నిశ్శబ్దంలో వరండాలో కాలు ఈడ్చిన చప్పుడు వినిపించింది. అందరూ చూస్తుండగా బయటికి పరిగెత్తాను. చక్రం విరిగిన తోపుడు బండితో పుస్తకాలు తీసుకెళ్తున్నాడు లైబ్రరీ అటెండరు. నువ్వు వచ్చావనుకున్నాను. వచ్చుంటే బాగుండుననిపించింది.

మర్నాడు నీ గొంతు వినాలనిపించి, నీ షాపు ఎదురుగా ఉన్న కాగితాల కొట్టుకి ఫోను చేశాను. ఆయన అన్నాడు, "టైపు అమ్మగారా? జ్వరమండీ, నాలుగు రోజులైంది షాపు తీసి. లేవలేకపోతున్నారట" అని.

అక్కా, ఇంకేం రాయను. నేను రాసిందే జరుగుతోంది అనుకున్నాను. ఫోను పెట్టేసి నేరుగా మేడం గదికి వెళ్ళి, మా అక్క బతికే ఉంది, నేను అబద్ధం రాశాను, ఇప్పుడు నిజంగానే దానికి జ్వరం వచ్చింది అని చెప్పేశాను. ఆవిడ చేతిలో కాగితాలు బల్ల మీద పెట్టి, కుర్చీ కిటికీ వైపు తిప్పుకున్నారు. తరవాత, నేను మా అమ్మకి కూడా మీ అక్క గురించి చెప్పాను, ఆవిడ ఏడ్చింది అన్నారు. అంతే అన్నారు.

వెంటనే రైలెక్కుదామనుకున్నాను. విచారణ కమిటీ ముందు హాజరయ్యేదాకా ఊరు వదలొద్దన్నారు. రోజూ ఆ కొట్టుకి ఫోను చేస్తున్నాను. జ్వరం తగ్గిందని మొన్న చెప్పాడు.

కమిటీ అయింది. ఈ ఏటి పరీక్షలు రాయనిస్తారు, వచ్చే ఏడు సీటు లేదు. నాకు బాధగానే ఉంది, లేదని చెబితే అది ఇంకో అబద్ధమవుతుంది. ఆ త్రాసు ముందు కూర్చున్నప్పుడు నేను దేనికో పనికొస్తానని అనిపించేది.

ఒక్క పని మిగిలిపోయింది. నీ ఫోటో తీసేయమని ఆఫీసులో అడిగితే గుమాస్తా ఫైలు తిరగేశాడు. "మీ అక్కగారు లేరనడానికి రెండు కాగితాలున్నాయి, ఒకదాని మీద మీ అమ్మగారి సంతకం ఉంది. ఉన్నారనడానికి ఒక్కటీ లేదు. కాగితం లేకుండా నేను తీయించలేను" అన్నాడు. రోజూ లైబ్రరీకి వెళ్ళాలి. రోజూ నువ్వు చూస్తుంటావు.

ఒక్క ముక్క రాయి. తిట్టయినా సరే.

చిన్నది


నవంబర్ 4

చిన్నదానా,

మామూలు జ్వరమే. వణుకుడు, ఒళ్ళు నొప్పులు, ఐదు రోజులు పడుకోబెట్టింది. మూడో రోజు నీళ్ళు కావాలని అమ్మని అడిగాను. అమ్మ తడుముకుంటూ వెళ్ళి గ్లాసు తెచ్చి చేతికిచ్చింది. అప్పుడు నువ్వు రాసింది గుర్తొచ్చింది. దాహంతో నాలుక పిడచకట్టుకుపోతున్నా, ఆ నీళ్ళు తాగడానికి భయపడ్డాను. అప్పుడు నీ మీద వచ్చినంత కోపం నీ ఉత్తరం చదివినప్పుడు కూడా రాలేదు. నా దాహాన్ని కూడా నువ్వు ముందే రాసేశావు.

గ్లాసు పట్టుకుని ఏడుస్తుంటే అమ్మ అడిగింది. మొత్తం చెప్పాను. కేకలేస్తుందనుకున్నాను. లేచి పెట్టెలోంచి ఆ మందపాటి కవరు తీసి నా ఒళ్ళో పెట్టింది. "మళ్ళీ చదువు. ఈసారి అందులో ఏముందో అదే చదువు" అంది. ఆ రోజు నా గొంతు మారడం తనకి తెలిసిందట, నేనే చెబుతానని ఇన్నాళ్ళు ఆగిందట. చదివాను. నా పేరు దగ్గర ఆగకుండా చదివాను. అయ్యాక అమ్మ నా ముఖమంతా చేత్తో తడిమి చూసుకుంది. ఇద్దరు కూతుళ్ళనీ నేనే కన్నాను, ఒకత్తి రాసింది, ఒకత్తి సంతకం పెట్టించింది, ఎవర్ని తిట్టను అంది.

నీ సీటు పోయినందుకు నాకూ కష్టంగానే ఉంది. ఆ ముప్ఫై రెండు పేజీలు ఊరికే కొట్టలేదు నేను. రెండు మూడు కాలేజీల నియమాలు తెప్పించాను. వచ్చే ఏటికి ఎక్కడో ఒకచోట దరఖాస్తు పెడదాం. ఈసారి వ్యాసం నేను చదవందే కవరు అంటించేది లేదు.

కాగితం సంగతి. పెన్షను తీసుకునే ముసలివాళ్ళు ఏటేటా తాము బతికే ఉన్నామని ఒక పత్రం ఇవ్వాలి. వాళ్ళవి వందలు కొట్టాను. నిన్న నాది కొట్టుకున్నాను. పేరు, తండ్రి పేరు, వయసు, గుర్తుపట్టే ఆనవాలు. ఆఖరున "ఏ అవసరం నిమిత్తం" అని ఉంటుంది. అక్కడ వేళ్ళు ఆగిపోయాయి. కాసేపు ఆలోచించి "గోడ మీది ఫోటో దించుట నిమిత్తం" అని కొట్టాను. దాని మీద సంతకం పెట్టాల్సిన ఎదురాఫీసు అధికారి పదేళ్ళుగా నన్నెరుగుదురు. అది రెండుసార్లు చదివి నా వైపు చూశారు. నియమం ప్రకారం అడగాలి కాబట్టి, ఈ పత్రంలో ఉన్న మనిషి మీరేనా అని అడిగారు. నేనే అని చెప్పడానికి నాకు కొంచెంసేపు పట్టింది.

ఆ కాగితం పోస్టులో పంపను. నేనే తెస్తాను. గురువారం పొద్దుటి బండికి దిగుతాను. నిన్ను క్షమించానా అని అడక్కు, నాకింకా తెలియదు. గేటు దగ్గర ఉండు. మీ మేడమున్నా, రూమ్మేటున్నా, ఎవరున్నా సరే, నేను మీ అక్కనని నువ్వే చెప్పాలి.

ఫోటో ఆ అటెండరు చేత దింపించవద్దు. నిచ్చెన అడిగి ఉంచు, నేనే ఎక్కుతాను. ఈ కాలితో ఎక్కడానికి సమయం పడుతుంది. నువ్వు కింద నిలబడి, నేను దిగేదాకా నిచ్చెన వదలకుండా పట్టుకో.

అక్క